ఏం కాదు అనకూడని పరీక్ష

నెల్లూరులో నేను పనిచేసే ఆస్పత్రిలో ఎన్ని ఇంజెక్షన్లు వేశానో చార్టులో రాస్తారు గానీ, ఎన్నిసార్లు "ఏం కాదు" అన్నానో ఎక్కడా రాయరు. సూది గుచ్చేముందు ఏం కాదు. స్ట్రెచర్‌ను థియేటర్ తలుపు దాకా తోసేటప్పుడు ఏం కాదు. కుట్లు విప్పేటప్పుడు, రక్తం తీసేటప్పుడు, రక్తం చూసి పక్కనున్న బామ్మర్ది కళ్లు తిరిగి పడినప్పుడు కూడా ఏం కాదు. డాక్టరు రాయని మందు అది. తిన్నాకా తినకముందా అన్న నియమం లేదు. దానికి సైడ్ ఎఫెక్టులు ఉండవనే అనుకునేదాన్ని.

మా వార్డుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరూ పాటిస్తారు. జబ్బు పెద్దదైతే డాక్టరు గారు ఆ సంగతి రోగికి చెప్పరు. వెంట వచ్చినవాళ్లలో కాస్త గట్టిగా కనిపించే మనిషిని వరండాలోకి పిలిచి చెప్తారు. ఆ మనిషి గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, ముఖం తుడుచుకుని, లోపలికి పోయేముందు మా కౌంటరు దగ్గర ఆగుతాడు. "సిస్టర్, ఆయనకు మాత్రం చెప్పబాకండి." మేం తలూపుతాం. లోపల మంచం మీది పెద్దాయన అడుగుతాడు, ఏమన్నాడు డాక్టరు అని. "ఏం లేదంట నాయనా, లోపల కొంచెం వాపంట." ఆయన "అట్నా" అని గోడవైపు తిరుగుతాడు. వాళ్లలో చాలామందికి తెలిసిపోతుంది. తెలిసిందని తెలియనివ్వరు. వరండా వార్డును కాపాడుతుంటే వార్డు వరండాను కాపాడుతుంటుంది. రెంటికీ మధ్య తలుపు పట్టుకుని నిలబడేది మేము.

ఈ పద్ధతి వల్లే నా ఇంగ్లీషు పరీక్ష పోయింది.

ఆస్ట్రేలియా పోదామన్న ఆలోచన నాది కాదు, మా అక్కది. తోడబుట్టిన అక్క కాదు, వార్డులో నాకు సీనియరు, మాట చివర కా అని తగిలించి నేను పిలిచే మనిషి. గూడూరు మనిషి. వాళ్ల అమ్మతో కలిసి నెల్లూరులో ఒక మేడ కింది వాటాలో అద్దెకు ఉండేది. పెళ్లి మాటెత్తితే "ఉండండి, ఈ నైట్ డ్యూటీ అయిపోనీండి" అనేది. ఆ నైట్ డ్యూటీ ఎప్పటికీ అయిపోలేదు. నాది సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన రొయ్యల మేత అమ్ముతాడు. మేత బస్తాల మీద ఇంగ్లీషు చదవడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు. అందుకే నాకు ఇంగ్లీషు వచ్చని నేను నమ్మాను.

అక్క ఆస్ట్రేలియా పోవాలనుకున్న కారణం వింటే నవ్వొస్తుంది. "ఆడ నర్సుల్ని కూసోమంటారంటమే," అనింది ఒకరోజు, డ్యూటీ దిగి మెట్ల మీద కాళ్లు నొక్కుకుంటూ. "కూసోని రాసుకోవచ్చంట. కుర్చీ ఇస్తారంట."

"కుర్చీ కోసరం సముద్రాలు దాటాలాకా?"

"నీకేమే, చిన్నదానివి. నా నడుమునడుగు, టికెట్ కొనమంటుండాది."

నడుం నొప్పి మా వృత్తితో వచ్చే యూనిఫాం లాంటిది. ఎవరూ పట్టించుకోరు. మేమూ పట్టించుకోలేదు.

అక్కడికి నర్సుగా పోవాలంటే ముందు మన చదువు వాళ్ల చదువుకు సాటి వస్తుందని వాళ్లు ఒప్పుకోవాలి. చదివిన స్కూలు నుంచి సీలు వేసిన కవరు వాళ్లకే నేరుగా పోవాలి. మేం చదివిన నర్సింగ్ స్కూలు అప్పటికే మరో కాలేజీలో కలిసిపోయి, ఆ కాలేజీ మరో ఊరికి కదిలిపోయింది. మా చదువు ఎక్కడుందో వెతుక్కుంటూ సెలవు రోజుల్లో ఇద్దరం బస్సులెక్కి తిరిగాం. దొరికింది. తర్వాత నర్సుల కౌన్సిల్ నుంచి మా మీద ఏ ఫిర్యాదూ లేదని ఒక కాగితం కావాలన్నారు. దాని పేరు గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. అక్క ఆ పేరు విని వార్డు అద్దాలు అదిరేలా నవ్వింది.

"షిఫ్టు షిఫ్టంతా నిలబడే ఉండాం గదమే. దీనికి కౌన్సిల్ ఎందుకు, మన పిక్కల్ని సంతకం పెట్టమంటే పోలా?"

చివరికి అక్క చదువుకూ నా చదువుకూ అక్కడివాళ్లు సరేనన్నారు. మిగిలింది ఇంగ్లీషు. నర్సుల కోసమే పెట్టిన పరీక్ష అది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం. నాలుగింటిలోనూ బి రావాలి. అక్కకు అన్నీ ఒక్క దెబ్బకే వచ్చాయి. నాకు మూడు వచ్చాయి. మాట్లాడడంలో సి. సముద్రం ఒడ్డున పుట్టినదానికి సీ రాక ఇంకేమొస్తుందని మా ఆయన ఓదార్చాడు. మాటల్లో తక్కువ మార్కులంటే మాత్రం ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇంట్లో ఆ లోటు ఆయన ఎన్నడూ చూడలేదు మరి.

మాట్లాడే పరీక్షలో ఒక కార్డు ఇస్తారు. ఎదురుగా కూర్చున్నాయన పేషెంటు, మనం నర్సు. ఆ రోజు నా పేషెంటుకు మర్నాడు కాలి వేళ్లు తీసేస్తారు. ఆయన బాగా నటించాడు. గొంతు వణికించి, నేను చచ్చిపోతానా అని అడిగాడు. నేను నటించలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఛీ ఛీ, ఎవరన్నారు, నథింగ్ విల్ హ్యాపెన్, బాగా తిని పడుకోండి పెద్దాయనా అన్నాను. పెద్దాయనా అన్నది తెలుగులోనే అన్నాను. పాపం ఆయన నాకంటే చిన్నవాడు.

కోచింగ్ సారు ఇదంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రిటైరైన లెక్చరరు, మెత్తని మనిషి. "అమ్మా, ఏం కాదని నీకెవరు చెప్పారు?" అన్నారు. "ఏం కాదనే హామీ అక్కడ డాక్టరు కూడా ఇవ్వడు. ముందు వాళ్లకేం తెలుసో అడుగు. ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉందో అడుగు. అప్పుడు చిన్న చిన్న ముక్కల్లో, తిప్పకుండా చెప్పు. చెప్పినాక ఊరుకో. మౌనానికి కూడా మార్కులుంటాయి."

నేను ఊరుకుంటే మార్కులు వేసే దేశం ఒకటుందని మా ఆయనకు చెప్పాను. అయితే తప్పకుండా పోవాల్సిందే అన్నాడు.

అక్క నాకోసం ఆగింది. తన ఫైలు ముందుకు నడుపుకుంటూనే, నువ్వు పాసయితే ఒకే ఊళ్లో ఆస్పత్రి చూసుకుందాం, మీ ఆయన వచ్చేదాకా ఒకే వంటిల్లు చాలు అనేది. ఉదయం షిఫ్టు దిగాక మధ్యాహ్నాలు వాళ్లింటికి పోయేదాన్ని. అక్క పేషెంటు, నేను నర్సు. వరండాలో వాళ్లమ్మ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, కత్తిపీట ముందు కూర్చుని నిమ్మకాయలు తరుగుతూ ఉండేది. గూడూరు చుట్టాలు ఎప్పుడొచ్చినా నిమ్మకాయల సంచితోనే వస్తారు. ఆ ఇంట్లో ఇంగ్లీషుకు నిమ్మకాయ వాసన ఉండేది. ఇప్పటికీ నాకు అంతే.

అక్క ఎన్ని రకాల పేషెంట్లయ్యేదో. సూదంటే మంచం కిందికి దూరే దొరసాని. తాగొచ్చి చొక్కా విప్పనని మొండికేసే దొర. అన్నిటికీ నెట్‌లో చూశానని వాదించే కుర్రాడు. దుప్పటి తలమీద కప్పుకుని ముసలమ్మ అయిపోయి, ఎంత మంచిగా చెప్పినా "నో" అనేది. నాకు ఓపిక చచ్చి "ఏం కాదులే, పడుకో" అనేదాన్ని. అదే మాట పట్టుకోవడానికి కాచుక్కూర్చున్నట్టు దుప్పటి తీసేసి, "పోయినాయి, ఇంకో రెండు మార్కులు పోయినాయి," అనేది. వరండాలోంచి వాళ్లమ్మ, "ఏందిమే మీ ఇద్దురి కొట్లాట, మంచిగా తెలుగులో తిట్టుకోండి, నేను గూడా వింటా," అనేది.

వీసాకు ముందు ఒంటి పరీక్షలు చేయించుకోవాలి. అక్క చెన్నై పోయి చేయించుకుని వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో ఏదో నీడ ఉంది, మరికొన్ని పరీక్షలు చేయించమన్నారు. ఆ పరీక్షలు మా ఆస్పత్రిలోనే చేయించాం. రిపోర్టులు వచ్చిన రోజు నాకు డ్యూటీ. డాక్టరు గారు అక్కను పిలవలేదు. నైట్ డ్యూటీల్లో ఆయన పక్కనే నిలబడి పనిచేసిన మనిషి, ఆ రిపోర్టు తనే చదవగలిగిన మనిషి. అయినా ఆయన వరండాలోకి పిలిచింది వాళ్లమ్మను.

పెద్దమ్మ గోడకు ఆనుకుని నిలబడడం కౌంటరు దగ్గర నుంచి చూశాను. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగు సర్దుకుంది. నన్ను ఎప్పుడూ మే అని తప్ప పిలవని మనిషి, కౌంటరు దగ్గరకు వచ్చి నన్ను కొత్తగా చూసినట్టు చూసి, "సిస్టర్," అంది.

చేతిలోని చార్టు కింద పెట్టాను.

"దానికి మాత్రం చెప్పబాకమ్మా."

తలూపాను. ఆ తలూపుడు నా మెడకు అలవాటు.

లోపల అక్క మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది. మొదటిసారి వార్డులో కూర్చుని కనిపించింది. "ఏమంట?" అంది.

"నిమ్ముకా. రొమ్ములో కొంచెం నిమ్ము చేరిందంట. మందులు ఎక్కువ రోజులు వాడాలంట."

"అట్నా." నా ముఖంలోకి చూస్తూ ఉంది. "గూడూరు దాన్ని గదమే. నిమ్మ పోయి నిమ్మొచ్చింది."

నవ్వాను. నవ్వి, "ఏం కాదుకా," అన్నాను.

"అదే," అంది. "నీకు మార్కులు పోయేది ఆడే."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె వీసా ఫైలు మీద పెండింగ్ అని పడింది. నిమ్ముకు మందులు మొదలయ్యాయి. నిమ్ముకు జుట్టు ఊడిపోతుందా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పెద్దమ్మ ఊడిన జుట్టును దిండు మీద నుంచి ఏరి పారేసి, నెల్లూరు నీళ్లు మంచివి కావని మునిసిపాలిటీని తిట్టేది. అక్క కూడా తిట్టేది. ఇద్దరూ ఒకే గొంతుతో మునిసిపాలిటీని అంతలా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

నేను కార్డులు పట్టుకుపోవడం మానేశాను. పోయి, మందులు చూసి, దిండు సర్ది, ఏం కాదని వచ్చేసేదాన్ని. కొన్నాళ్లకు అక్కే అడిగింది. "నీ రెండో పరీక్ష ఎప్పుడు?"

"ఇప్పుడెందుకులేకా."

"కార్డులు తీసుకరా. నేను పడుకోనే ఉండా గదా, పేషెంటు వేషానికి మేకప్ గూడా అక్కర్లా."

మర్నాడు తీసుకుపోయాను. పెద్దమ్మ వరండాలో ఉంది. అక్క కార్డుల్లోంచి ఒకటి తీసి, చదివి, నాకిచ్చింది. పరీక్షల ఫలితాల కోసం వచ్చిన ఒక స్కూలు టీచరు. ఫలితాలు బాగా లేవు. నర్సు చెప్పాలి. ఇక్కడి నుంచి మేం మాట్లాడినదంతా ఇంగ్లీషులోనే మాట్లాడాం. దొరసాని గొంతు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. తన గొంతుతోనే మాట్లాడింది.

సారు చెప్పినట్టే మొదలుపెట్టాను. "మీ పరీక్షల గురించి ఇప్పటిదాకా మీకేం తెలుసు?"

"అంతా తెలుసు," అంది పేషెంటు. "చెన్నైలో ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకున్నాను. నేను కూడా నర్సునే, సిస్టర్."

కార్డులో టీచరని ఉంది. నేను కార్డువైపే చూస్తూ ఉన్నాను. తర్వాతి ప్రశ్న నోటికొచ్చింది గనుక అడిగాను. "ఇంకా ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?"

"తెలుసుకోవాల్సింది లేదు. ఎవరైనా నా ముఖం చూసి చెప్తే వినాలని ఉంది. ఇంతమంది నా చుట్టూ తిరుగుతున్నారు. ఒక్కరు కూడా చెప్పలేదు."

చెప్పాను. జబ్బు పేరు పెట్టి చెప్పాను. ఊపిరితిత్తిలో మొదలైందని, నడుం దాకా వచ్చిందని, ఆ నడుం నొప్పి నిలబడినందుకు వచ్చింది కాదని చెప్పాను. చిన్న చిన్న ముక్కల్లోనే చెప్పాను. నా గొంతులో పెద్ద ముక్క పట్టలేదు. చివర్లో నాలిక అలవాటుగా ఏం కాదు వైపు పోయింది. మింగేశాను. ఊరుకున్నాను. వరండాలో కత్తిపీట మీద నిమ్మకాయ తెగే చప్పుడు వినిపిస్తూ ఉంది.

అక్క ఏడవలేదు. పెద్దగా ఊపిరి తీసుకుంది, ఆ ఊపిరికి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "థాంక్యూ సిస్టర్," అంది.

"మీకు అన్నిటికన్నా భయంగా ఉన్నది ఏది?" అది కూడా సారు నేర్పిన ప్రశ్నే.

"మా అమ్మ," అంది. "నాకు తెలియదనుకుంటోంది. తెలియకుండా చూసుకోవడమే ఆమె నాకు చేయగలిగిన పని. వండితే నేను తినలేను. ఎత్తుకుందామంటే ఆమెకు బలం లేదు. ఇదొక్కటి చేస్తోంది. ఈ పని ఆమె చేతుల్లోంచి తీసెయ్యొద్దు, సిస్టర్."

"తియ్యను," అన్నాను.

బయట నుంచి పెద్దమ్మ కేకేసింది. "కాఫీ పెట్టేదా?"

"పెట్టమ్మా," అంది అక్క తెలుగులో, ఎప్పటి గొంతుతో. "దీనికి చక్కెర ఎక్కువెయ్యి. ఈసారి పాసయ్యేటట్టుండాది."

అప్పటి నుంచి మాకు రెండు భాషలకు రెండు పనులు పడ్డాయి. తెలుగులో నిమ్ము తగ్గుతూ వచ్చింది. ఇంగ్లీషులో నొప్పి ఎక్కడిదాకా వచ్చిందో, ఏ మందు ఎప్పుడు పెంచమని అడగాలో, ఊపిరి ఆడనప్పుడు తనను ఐసీయూకు మార్చొద్దని డాక్టరు గారికి ఎవరు చెప్పాలో మాట్లాడుకున్నాం. సమాధి దగ్గర ఏ పాట పాడాలో చెప్పింది. ఏ పాట పాడకూడదో ఇంకా గట్టిగా చెప్పింది. తెలుగులో మా చుట్టూ ఎంతమంది ఉన్నా, ఇంగ్లీషులో ఇద్దరమే ఉన్నాం. దాచి కాపాడాల్సిన మనిషి ఆ భాషలో ఎవరూ లేరు. నా క్రియాపదాలు తప్పుతూనే ఉండేవి. ఆమె దిద్దడం మానేసింది.

ఒకరోజు వేషాలు మార్చుకుందాం అంది. ఆమె నర్సు, నేను పేషెంటు. "మీకేం భయం?" అని అడిగింది, తలగడ మీద నుంచి తల ఎత్తకుండానే.

కార్డులో ఏముందో చూడలేదు. "ఒక్కదాన్నే పోవాలంటే భయం," అన్నాను. "మీతో కలిసి పోవాలనుకున్నాను. ఆ దేశంలో నాకు ఎవరూ తెలియదు."

ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడానికి ఏ పరీక్షలోనైనా పూర్తి మార్కులు పడాలి.

రెండో పరీక్షలో నాకు వచ్చిన కార్డు బంతాటలో కాలు బెణికిన కుర్రాడిది. అంత సాధన చేసి పోతే ఒక బెణుకు. ఆ కుర్రాడికి నిజంగానే ఏం కాదు. నా ఉద్యోగం మొత్తంలో ఆ మాట అచ్చంగా నిజమైన పేషెంటు అతనొక్కడే అనుకుంటాను, అతనికే చెప్పకూడదు. నేను మళ్లీ ఆడగలనా అని అడిగాడు. ఆట ఆగిపోతుందని మీకు బెంగగా ఉన్నట్టుంది, దాని గురించి చెప్తారా అన్నాను. అతను ఒక్క క్షణం తన పాత్ర మరిచిపోయి నన్ను చూశాడు.

బి వచ్చింది. ఫలితం చూసిన మధ్యాహ్నం నేరుగా వాళ్లింటికే పోయాను. అక్క సగం నిద్రలో ఉంది. పెద్దమ్మ ఆమె కాళ్లకు నూనె రాస్తోంది.

"పాసయినాకా," అన్నాను.

కళ్లు తెరిచింది. పడుకున్న చోటు నుంచి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గుడ్ స్టాండింగ్," అంది.

పరీక్ష అయిపోయింది గానీ కార్డులు నా సంచిలోనే ఉండేవి. ఆమెకు ఓపిక ఉన్న మధ్యాహ్నాల్లో తీసి మంచం మీద పరిచేవాళ్లం. చదవాల్సిన అవసరం లేకపోయింది. ఊరికే అట్లా పరిచి, మాట్లాడుకునేవాళ్లం. ఓపిక ఉన్న మధ్యాహ్నాలు తగ్గుతూ వచ్చాయి.

అక్క వెళ్లిపోయిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. తల పెద్దమ్మ ఒళ్లో ఉంది. "ఏం కాదు బిడ్డా, ఏం కాదు," అంటూ ఉంది పెద్దమ్మ, నుదురు నిమురుతూ. "అట్నేమ్మా," అంది అక్క. అది కూడా తెలుగే. నాతో ఏమీ అనలేదు. మాట్లాడాల్సిందంతా మాట్లాడేశాం గదా అనుకున్నాను. కానీ ఇంగ్లీషులో ఒక్క మాటైనా అంటుందేమోనని నా చెవి ఇంకా ఆ గదిలోనే ఉండిపోయింది.

సమాధి దగ్గర ఆమె వద్దన్న పాటే పాడారు. అందరూ బాగా పాడారు.

ఇంట్లో ఆదరణ కూడిక జరిగిన రోజు పాస్టరు గారు, చుట్టాలు, మా వార్డు వాళ్లు అంతా వచ్చి ప్రార్థన చేసి, భోంచేసి వెళ్లాక, కుర్చీలు మడిచి పెట్టడానికి నేను మిగిలాను. పెద్దమ్మ వరండాలో తన చోట కూర్చుంది. కత్తిపీట ముందు లేదు. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ ఇంట్లో ఆ చేతులు ఖాళీగా ఉండగా అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"ఇట్రామే, కూసో," అంది.

కూర్చున్నాను.

"ఒక మాటడుగుతా, చెప్తావా?"

"అడుగు పెద్దమ్మా."

"దానికి తెలుసునా?"

తెలియదని చెప్పడం నాకు చేతనైన పని. నోరు అందుకు సిద్ధంగానే ఉంది. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తూ ఉంది, అక్క చూసినట్టే. నా నోటి నుంచి తెలుగులో మొదటిసారి ఆ ప్రశ్న వచ్చింది. "నీకేం తెలుసు పెద్దమ్మా?"

"నాకేం తెలుసు, నాకు ఇంగ్లీషా పాడా." కొంగు సర్దుకుంది. "ముందరంతా చదువుకునేటప్పుడు మీరిద్దురూ పడి పడి నవ్వేవోళ్లు. తర్వాత నవ్వలా. పోనీ, పరీక్ష దగ్గరకొచ్చింది, బయపడుతుండారులే అనుకున్యా. నువ్వు పాసయితివి. పాసయినాక గూడా ఆ ముక్కలు పరుచుకోని చదువుతానే ఉండారు. పాసయినాక ఎవురన్నా చదువుతారామే?"

వీధిలో కూరగాయల బండివాడు మైకు పెట్టుకుని పోతున్నాడు. ఆ కేక సందు మలుపు తిరిగింది.

"తెలుసు పెద్దమ్మా," అన్నాను. "మొదట్నించి తెలుసు."

ఆమె తల ఊపింది. నేను ఇంకేమీ చెప్పలేదు. సారు చెప్పినందుకు కాదు, నాకు రాలేదు.

అప్పుడు అడిగింది. "నా మాట ఏమన్నా అనిందా?"

ఆ పని ఆమె చేతుల్లోంచి తియ్యనని అక్కకు మాటిచ్చాను. ఇప్పుడు ఆ చేతుల్లో పని లేదు. ఇంగ్లీషులో అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. దాన్ని తెలుగులోకి తేవడానికి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. మేం మాట్లాడుకునే తెలుగులో ఆ మాటలు ఎవరూ ఎవరితో అనగా నేను వినలేదు.

"తనకు తెలవదనే నిన్ను అనుకోనీమనింది," అన్నాను. "మా అమ్మ నాకు చేసేది అదొక్కటే పని, అది చేసుకోనీ అనింది. నువ్వు బాగా చేసినావు పెద్దమ్మా."

చివరి మాట అక్కది కాదు. నేను కలిపాను.

"దొంగది," అంది పెద్దమ్మ. నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల దగ్గరే తిరగబడింది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. "నేనే దొంగననుకున్యా. నన్ను మించిన దొంగది." మునిసిపాలిటీ నీళ్ల మాట తలుచుకుని మళ్లీ ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

పొద్దు వాలి వరండాలోకి ఎండ వచ్చింది. ఆమె ముఖం కడుక్కుని వచ్చి, లోపలి నుంచి నిమ్మకాయల సంచి తెచ్చి నా ముందు పెట్టింది. కూడికకు వచ్చిన గూడూరు చుట్టాలు తెచ్చినవి. "ఇవి నువ్వు తీసకపో, ఇన్ని నేనేం జేసుకునేది," అంది. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వెప్పుడు పోతుండావు?" అంది.

"కాగితాలన్నీ అయినాయి పెద్దమ్మా. ఒంటి పరీక్షలు ఉండాయి, చెన్నైలో."

చెన్నై అనగానే ఒకరి ముఖం ఒకరం చూడలేక ఇద్దరం సంచివైపు చూశాం.

"పోవాలంటే భయంగా ఉండాది," అన్నాను. తెలుగులోనే అన్నాను. "ఒక్కదాన్నే గదా. ఏమయితాదో ఏమో."

ఆమె నా పక్కన కూర్చుంది. అక్క నుదురు నిమిరిన ఆ చెయ్యి నా తల మీద పెట్టింది. నిమ్మకాయ వాసన.

"ఏం కాదు," అంది.

"అట్నా," అని నేను గోడవైపు తిరిగాను.